లీడ్ ట్రంపెట్‌లో సగం ర్యాంకు

అక్టోబర్లో ఒక శనివారం పొద్దున్నే మిత్రుడొకడు ఫోన్ చేశాడు. పలకరింపు కూడా లేకుండా "సగం ఫస్ట్ ర్యాంకు అని ఎక్కడైనా ఉంటుందా?" అన్నాడు. వాళ్ళు డాలస్ దగ్గర ఉంటారు. పదకొండో క్లాసు చదివే వాళ్ళబ్బాయి స్కూలు జాజ్ బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాడు. ఆడిషన్ బాగా చేశాడు, ఈ ఏడాది లీడ్ ట్రంపెట్, అంటే ట్రంపెట్ వరసలో మొదటి కుర్చీ, వాడిదే అని ఇంట్లో అందరూ ఖాయం చేసుకున్నారు. బ్యాండ్ డైరెక్టర్ పంపిన మెయిల్లో మాత్రం లీడ్ పార్టులు ఇద్దరికి పంచుతున్నానని ఉంది. కొన్ని చార్టులకి (బ్యాండు కోసం రాసిన పాటలకి) వీడు, కొన్నిటికి ఇంకో అమ్మాయి. "ఆ పిల్లకి హై డి లాంటి పై స్వరం కూడా సరిగ్గా పలకదట. మావాడు దానికన్నా పైనున్న హై ఎఫ్ దాకా పోతాడు. ఇదేం న్యాయం? నువ్వు కూడా వాయించేవాడివిగా, డైరెక్టర్‌కి ఏం రాయాలో చెప్పు."

ఏమీ రాయకు, ఊరుకో అన్నాను. ఎందుకో చెప్పబోతే వినే మూడ్‌లో లేడు. అప్పట్నుంచీ ఆ మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. ఆలోచించినకొద్దీ డైరెక్టర్ చేసింది సబబే అనిపిస్తోంది, ఒకటి రెండు మెలికలతో. ఆ మెలికల వల్లే ఇది ఇంత పొడుగైంది.

నా అర్హత గురించి పెద్దగా చెప్పుకోడానికి లేదు. సికింద్రాబాద్‌లో మిషన్ స్కూలు బ్యాండులో జెండా వందనాలకి ట్రంపెట్ ఊదాను. ఎంఎస్‌కి ఇక్కడికొచ్చాక, మ్యూజిక్ మేజర్లు కానివాళ్ళ కోసం యూనివర్సిటీ నడిపే జాజ్ బ్యాండులో చేరాను. మొదట నాలుగో ట్రంపెట్, తర్వాత రెండోది, చివర్లో లీడ్. ఇప్పుడు శబ్దం తగ్గించే మ్యూట్ పెట్టుకుని వాయించినా పక్కింటి కుక్క ఒప్పుకోదు.

నాలుగు కుర్చీలు, నాలుగు పనులు

మా మిత్రుడి బాధని మన ఎంసెట్ బుద్ధి కింద జమకట్టి నవ్వేయడం తేలిక. కానీ అమెరికన్ స్కూలు బ్యాండుల్లో ర్యాంకులు మనం రాకముందే ఉన్నాయి. ఇక్కడ వాటిని చెయిర్ అంటారు, అంతే తేడా. టెక్సస్‌లో అయితే మరీ ఎక్కువ. రీజియన్ ఆడిషన్‌లో వాయించేది ఎవరో జడ్జీలకి కనపడకుండా మధ్యలో తెర కడతారు. అందరూ అదే ముక్క వాయిస్తారు, మార్కులు వేస్తారు, వరస నంబర్లతో లిస్టు బయటపెడతారు. అలా మెట్టు మెట్టు ఎక్కి, రాష్ట్రం మొత్తం మీద ఏరిన ఆల్ స్టేట్‌కి చేరినవాళ్ళు ఫిబ్రవరిలో శాన్ ఆంటోనియోలో జరిగే సంగీతం టీచర్ల మహాసభల్లో వాయిస్తారు. డాలస్‌కి దగ్గర్లోనే, డెంటన్‌లో ఉన్న యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్ 1947లోనే జాజ్ సంగీతానికి డిగ్రీ పెట్టిన చోటు. అక్కడి బ్యాండులకి రిహార్సల్ వేళలే పేర్లు: వన్ ఓ క్లాక్, టూ ఓ క్లాక్, త్రీ ఓ క్లాక్. వినడానికి ఎంత వినయంగా ఉన్నా, వన్ ఓ క్లాక్ అంటే అన్నిటికన్నా పైదని అక్కడ అందరికీ తెలుసు.

కాబట్టి ఫస్ట్ ట్రంపెట్ అంటే ఫస్ట్ ర్యాంకు అని ఒక తండ్రి అనుకున్నాడంటే తప్పు పట్టడానికి లేదు. పిల్లలు కూడా అలాగే అనుకుంటారు. పొద్దస్తమానం వాళ్ళుండే కాన్సర్ట్ బ్యాండులో అది చాలావరకు నిజం కూడా. అక్కడ ఒక్కో పార్టు ఇద్దరు ముగ్గురు కలిసి వాయిస్తారు. బాగా వాయించేవాళ్ళు మొదటి పార్టులో, ఇంకా నేర్చుకుంటున్నవాళ్ళు మూడో పార్టులో.

జాజ్ బ్యాండులో లెక్క మారిపోతుంది. ఐదు శాక్సఫోన్లు, నాలుగు ట్రాంబోన్లు, నాలుగు ట్రంపెట్లు, వెనక పియానో, గిటార్, బేస్, డ్రమ్స్. ఒక్కో పార్టుకి ఒక్కడే మనిషి, దాక్కోడానికి పక్కన ఇంకొకడుండడు. లీడ్ ట్రంపెట్ పై వరస వాయిస్తుంది. స్వరం ఎక్కడ మొదలవ్వాలో కాగితం మీద ఉంటుంది. అది ఎక్కడ ఆగాలి, తాళానికి ఎంత వెనక పడాలి, చివర్లో కిందికి జారే ఫాల్ ఎంత పొడుగుండాలి, స్వరాన్ని ఊపే షేక్ ఎంత వెడల్పుగా ఉండాలి అన్నవి కాగితం చెప్పలేదు. అవి లీడ్ చెప్పాలి, వాయించి చెప్పాలి. లీడ్ ట్రాంబోన్‌ని, లీడ్ ఆల్టో శాక్సఫోన్‌ని సరిగ్గా అతని ముందు వరసల్లో కూర్చోబెట్టేది ఆ వాయింపు వాళ్ళ వీపుకి తగలాలనే. రెండో ట్రంపెట్ పని పక్కనున్నవాడి ఊపిరితో ఊపిరి కలపడం. ఒక్కడే ముందుకొచ్చి వాయించే సోలోలు కూడా ఎక్కువగా రెండో ట్రంపెట్ పార్టులోనే ఉంటాయి, కొన్ని నాలుగో దాంట్లో. మూడోవాడు శ్రుతి మధ్యలో ఇరుక్కుని ఎవరికీ వినపడకుండా అందరినీ నిలబెడతాడు. నాలుగోవాడు చాలాచోట్ల లీడ్ స్వరాన్నే ఒక స్థాయి కింద వాయిస్తాడు. అది శ్రుతిలో లేకపోతే పైవాడు ఎంత బాగా వాయించినా పీలగా వినిపిస్తుంది. నాలుగో కుర్చీలో నేను మొదటిసారి కూర్చున్నప్పుడు నాకీ సంగతి ఎవరూ చెప్పలేదు. లీడ్ వాయించే కుర్రాడు ఒకరోజు నా వైపు తిరిగి "నువ్వు గట్టిగా ఊదితే నాకు తేలికవుతుంది" అన్నాడు.

అంటే లీడ్ ట్రంపెట్ ఒక్క సోలో కూడా లేకుండా కచేరీ మొత్తం వాయించి ఇంటికెళ్ళొచ్చు. ఇది తెలిశాక మా మిత్రుడి భార్య బెంగ ఇంకోవైపు తిరిగింది. "ఫస్ట్ అంటారు, మరి ఒక్కసారి కూడా ముందుకొచ్చి వాయించడా?" రాడమ్మా, వెనక వరసలోనే నిలబడి వాయిస్తాడు.

కోలాటం చూసినవాళ్ళకి ఈ కుర్చీ తొందరగా అర్థమవుతుంది. గురువు కూడా గుండ్రంలో అందరితోపాటే కర్రలు కొడుతూ తిరుగుతాడు. కోపు మారేటప్పుడు మాత్రం ఆయన అడుగు వెంట్రుకవాసి ముందు పడుతుంది, మిగతావాళ్ళు దాన్ని పట్టుకుంటారు.

మా యూనివర్సిటీ బ్యాండు డైరెక్టర్‌కి ఒక అలవాటుండేది. కొత్త చార్ట్ ఇచ్చిన రోజు అందరినీ వాయిద్యాలు ఒళ్ళో పెట్టుకోమనేవాడు. లీడ్ ట్రంపెట్ ఒక్కడే ఎనిమిది బార్లు (తాళం ఆవర్తాలు) వాయిస్తాడు. మిగతా పన్నెండుమంది అదే నోటితో పాడాలి, డూ డాట్, డూ డూ డాట్ అంటూ. మళ్ళీ వాయించు, మళ్ళీ పాడండి. మన సంగీతం పాఠంలాగే, గురువు అనడం, పిల్లలు అప్పజెప్పడం. లీడ్‌కి స్వరం చీదేసినా ఆయన ఏమీ అనేవాడు కాదు. అదే పదాన్ని, అంటే అదే స్వరాల వరసని, మొదటిసారి ఒకలా, రెండోసారి ఇంకోలా వాయిస్తే మాత్రం చేతిలో పెన్సిల్ స్టాండ్ మీద పెట్టి చూసేవాడు. ఆ చూపు నాకు బాగా పరిచయం.

పెద్ద బ్యాండుల్లో ఈ పనుల విభజన ఎప్పుడూ ఉంది. 1956లో న్యూపోర్ట్ జాజ్ ఫెస్టివల్లో వాయించిన డ్యూక్ ఎల్లింగ్టన్ బ్యాండు ట్రంపెట్ వరస చూడండి. లీడ్ ఎక్కువగా విల్లీ కుక్ చేతిలో ఉండేది. మనిషి చెవికి అందుతుందా అనిపించే పై స్వరాలు క్యాట్ ఆండర్సన్‌వి. క్లార్క్ టెర్రీ, రే నాన్స్ సోలోలకి పెట్టింది పేరు, అందులో నాన్స్ ఫిడేలు కూడా వాయించేవాడు. ఈ నలుగురిలో ఫస్ట్ ర్యాంకు ఎవరిది? ఎల్లింగ్టన్‌ని అడిగితే ప్రశ్నే అర్థమయ్యేది కాదనుకుంటాను. అందరికన్నా పైకి వాయించగలిగినవాడు ఒకడు, లీడ్ పార్టులు ఎక్కువగా మోసినవాడు ఇంకొకడు. మా మిత్రుడికి చెప్పాలనుకున్నది ఇదే.

ఎత్తు పిచ్చి

స్టూడెంట్ బ్యాండుల్లో మాత్రం లీడ్ కుర్చీ, ఎవరు ఎంత పైకి ఊదగలరన్న పోటీకి బహుమతిగా మారింది. దానికో కారణం, అది కొలవడానికి తేలిక. హై సి వచ్చిందా, హై డి వచ్చిందా, ఎఫ్ వచ్చిందా? పరుగు పందెంలాగా ఎవరు ముందో తేలిపోతుంది. పదాన్ని ఎలా ముగించాడు, వెనకున్న డ్రమ్మర్‌ని వింటున్నాడా లేదా అన్నది కొలవడం కష్టం, అమ్మానాన్నలకి చెప్పడం ఇంకా కష్టం.

ఇంకో కారణం మేనార్డ్ ఫెర్గూసన్ అనే ట్రంపెట్ వాద్యకారుడు. కెనడా నుంచి వచ్చి, 1950ల మొదట్లో స్టాన్ కెంటన్ బ్యాండులో తన పై స్థాయితో అందరినీ నోరు వెళ్ళబెట్టేలా చేసినవాడు. 1970ల్లో సొంత బ్యాండుతో అమెరికా హైస్కూళ్ళూ కాలేజీలూ చుట్టేశాడు. 1977లో ఒక బాక్సింగ్ సినిమా పాటని తనదిగా చేసుకుని పాప్ చార్టుల్లోకి కూడా ఎక్కించాడు. అతన్ని ఎదురుగా విన్న పిల్లలు చాలామంది తర్వాత బ్యాండ్ డైరెక్టర్లయ్యారు. ఆ మోజు వాళ్ళ పిల్లలకి, అక్కణ్ణుంచి మన పిల్లలకి దిగింది. ఫెర్గూసన్‌ని నేను తిట్టను. ఆ స్వరాలు అతనికి నిజంగా ఉన్నాయి, ఊపిరి సాధనతో తెచ్చుకున్నాడు. వినికిడి మీద అనుకరించే పదహారేళ్ళ కుర్రాడికి దొరికే దారి మాత్రం ఒక్కటే, పెదవి ఆనించి ఊదే మౌత్‌పీస్‌ని పళ్ళకేసి అదమడం. పళ్ళకి కమ్మీలుంటే, మన పిల్లల్లో సగంమందికి ఆ వయసులో ఉంటాయి, పెదవి లోపల కోసుకుపోతుంది.

మా మిత్రుడు ఆడిషన్‌కి ముందే వాడికి కప్పు లోతు తక్కువున్న లీడ్ మౌత్‌పీస్ ఒకటి కొనిపెట్టాడు. ఇవి చాలా అమ్ముడుపోతాయి. అప్పటికే ఉన్న పై స్వరాన్ని మెరుగ్గా, పదునుగా వినిపిస్తాయి, కొంత శ్రమ తగ్గిస్తాయి. లేని స్వరాన్ని తెచ్చిపెట్టవు. పైగా నెమ్మది చార్టుల్లో గొంతు సన్నబడి, పక్కవాళ్ళతో కలవకుండా బయటికి పొడుచుకొస్తుంది.

అసలు లీడ్ గట్టిగా ఊదాల్సిన పనే తక్కువ. ట్రంపెట్ హై సి దాదాపు 930 హెర్ట్జ్. దాని మీద వచ్చే అనుస్వరాలు రెండు మూడు వేల హెర్ట్జ్ ప్రాంతంలో పడతాయి, మనిషి చెవి బాగా చురుగ్గా ఉండేది అక్కడే. పసిపిల్ల ఏడుపు ఎంత గోలలోనైనా వినపడుతుంది కదా. కింద మూడు పార్టులూ పుష్టిగా ఉంటే పై స్వరం వాటి మీద ఊరికే కూర్చుంటుంది. స్కూలు బ్యాండుల్లో తరచూ వినపడేది దీనికి తలకిందులు. పైన ఒకడు ప్రాణం పోయేలా ఊదుతుంటాడు, కింద ముగ్గురు వాణ్ణి చూసి బెదిరిపోయి ఉంటారు.

నేనేమీ పై స్వరాలకి విరోధిని కాదు. చార్టు చివర్లో బ్యాండంతా ఒక్కసారి లేచే షౌట్ కోరస్‌లో, డ్రమ్మర్ తోసి ఇచ్చిన జాగాలోకి లీడ్ ఒక హై ఈ ని శుభ్రంగా దింపితే ఒళ్ళు జల్లుమంటుంది. ఆ స్వరం రాకపోతే ఆ చార్టే లేదు. అలాంటివి వాయించాలంటే అవి వచ్చినవాడే కావాలి, మంచితనం సరిపోదు. నా గొడవల్లా, అది లీడ్ పనిలో ఒక ముక్క మాత్రమేనని.

డిసెంబర్లో వాళ్ళ కచేరీకి నన్నూ పిలిచారు. వెళ్ళాను. రెండో చార్టు నీల్ హెఫ్టీ రాసిన 'లిల్ డార్లిన్'. కౌంట్ బేసీ బ్యాండు 1957లో రికార్డు చేసిన పాట. చాలా నెమ్మది, చాలా మెత్తన, పెద్ద ఎత్తులేమీ లేవు. కాగితం మీద చూస్తే రెండేళ్ళు నేర్చుకున్నవాడికి కూడా వచ్చేస్తుంది. వాయిస్తే తెలుస్తుంది. స్వరానికీ స్వరానికీ మధ్య అంత ఖాళీ ఉన్నప్పుడు పదమూడు మంది ఒకేచోట పడడం ఎంత కష్టమో. తొందరపడ్డవాడు వెంటనే దొరికిపోతాడు. దీనికి లీడ్ ఆ అమ్మాయి. మొదటి పదం తాళానికి కాస్త వెనక్కి ఆనించి వేసింది, నాలుగు బార్లలో మొత్తం బ్యాండు ఆ ఆనుడులోకి వచ్చేసింది. గట్టిగా లేదు, తళుకు లేదు. నా పక్కన మా మిత్రుడు ఫోన్లో మావాడెప్పుడు అన్నట్టు ప్రోగ్రాం చూసుకుంటున్నాడు.

చివరి చార్టు వీడిది, వేగంగా పరిగెత్తేది. హై ఎఫ్ ఒకటుంది, నిలబడి కొట్టాడు, హాలంతా లేచింది. మా మిత్రుడు అందరికన్నా ముందు లేచాడు. నేను కూడా లేచాను, అంత బావుంది. తర్వాత పార్కింగ్‌లో వాడు నాతో అన్న మాట వేరు. "ఆ స్లో దాంట్లో సెకండ్ వాయించడమే కష్టం అంకుల్. తను ఎప్పుడు వదుల్తుందో చూస్తూ ఉండాలి. నాకు అలవాటు లేదు." వాళ్ళ నాన్న అప్పుడు కారు తీసుకురావడానికి వెళ్ళాడు.

పెదవి కండ కూడా అలుస్తుంది

పంచడానికి నాకు కనపడే గట్టి కారణం ఇంకోటుంది, దీనికి సంగీతంతో పెద్ద సంబంధం లేదు. టెక్సస్‌లో ఆగస్టు నుంచి నవంబర్ దాకా, నడుస్తూ వాయించే మార్చింగ్ బ్యాండ్ కాలం. జాజ్ బ్యాండులో ట్రంపెట్ వాయించే పిల్లలే అక్కడా వాయిస్తారు. శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ స్టేడియంలో, ఆరుబయట, ఉన్న బలమంతా పెట్టి. చాలా శనివారాలు పోటీలు. చాలా స్కూళ్ళలో జాజ్ బ్యాండు రిహార్సల్ బడి మొదలవకముందే, తెల్లారగట్ల. ఈ మధ్యలో రీజియన్ ఆడిషన్ సాధన వేరే. అన్నిటికీ అదే పెదవి.

ట్రంపెట్‌కి తీగలు లేవు, రీడు లేదు. శబ్దం పుట్టించేది పెదవే. నోటి చుట్టూ ఉన్న గుండ్రటి కండ గాలికి వణకాలి. అది వాస్తే వణకదు. వణకనప్పుడు వాయించేవాడు ఇంకా అదుముతాడు, అదిమితే ఇంకా వాస్తుంది. జాజ్ ట్రంపెట్‌కి మారుపేరైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడు పెదవి చితికిపోయి 1934లో పారిస్‌లో కొన్ని నెలలు వాయించకుండా ఉండాల్సొచ్చింది. ఈ వాయిద్యకారులకి ఆ కండ చిరిగే జబ్బుని డాక్టర్లు ఇప్పటికీ అతని ముద్దుపేరుతో శాచ్మో సిండ్రోమ్ అంటారు. స్కూలు పిల్లలకి అంత దూరం రాకపోవచ్చు. స్వరం రాకపోతే వచ్చే టెన్షన్ మాత్రం వాళ్ళకి బాగానే తెలుసు.

ప్రొఫెషనల్ బ్యాండుల్లో ఒక రాత్రి లీడ్ పార్టుల్ని ఇద్దరు పంచుకోవడం మామూలే. ఆర్కెస్ట్రాల్లో కూడా ప్రిన్సిపల్ ట్రంపెట్‌కి, అందరూ కలిసి మోగించే చోట్ల కాస్త ఊపిరి తీసుకోనివ్వడానికి అసిస్టెంట్ ఉంటాడు. జీతం తీసుకునే పెద్దవాళ్ళే పంచుకుంటుంటే, పొద్దున్న ఏడింటికి నిద్రకళ్ళతో వచ్చే పిల్లవాడు ఒక్కడే మొత్తం మోయాలనడం ఎందుకో నాకర్థం కాదు.

నేను రెండో ట్రంపెట్‌గా ఉన్నప్పుడు మా లీడ్ వ్యవసాయ ఇంజనీరింగ్ కుర్రాడు, అయోవా నుంచి వచ్చినవాడు. మాటలు తక్కువ. పార్టుల నిండా పెన్సిల్ గుర్తులు, ఎక్కడ ఊపిరి తీయాలి, ఎక్కడ కోయాలి, అన్నీ. వసంత కచేరీలో చివరి చార్టుకి ముందు, చప్పట్లు కొడుతుండగా, తన స్టాండ్ మీద కాగితం తీసి నా స్టాండ్ మీద పెట్టి, నా కాగితం తను తీసుకున్నాడు. "నీ పెదవి తాజాగా ఉంది" అన్నాడు. అంతే. ఆ చార్టు అతను నెలలుగా రిహార్సల్ చేసినది, నేను పక్కన కూర్చుని విన్నది. పెన్సిల్ గుర్తులు చూసుకుంటూ వాయించేశాను. అతను పక్కనే రెండో పార్టు నిండుగా వాయించాడు. కింద కూర్చున్నవాళ్ళలో ఎవరికీ తెలియదు. డైరెక్టర్‌కి తెలిసింది, ఏమీ అనలేదు. ఆ కుర్రాడు ఆ పూట లీడ్ కుర్చీ వదులుకున్నాడని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ సాయంత్రం అతను చేసిన లీడ్ పనుల్లో అదొకటి.

మరి ఎవరి ఫాల్ పట్టుకోవాలి?

ఇప్పుడు మెలికలు. పంచడం ఊరికే మంచిది కాదు. నా చివరి ఏడాది మా బ్యాండులో లీడ్ నాకూ ఇంకొకడికీ పంచారు. అతను గాయకుడు ఫ్రాంక్ సినాట్రా వెనక వాయించే బ్యాండులు వింటూ పెరిగినవాడు. నేను చేతికొచ్చిన రికార్డులు విని, మధ్యలో ఎక్కడో మన పెళ్ళి బ్యాండు మేళం ఊపు కలుపుకున్నవాణ్ణి. అతని ఫాల్ నాలుగు దెబ్బల పొడుగు, నిదానంగా జారేది. నాది రెండు దెబ్బల్లో తెగేది. చార్టు మారిన ప్రతిసారీ శాక్సఫోన్ వాళ్ళు వెనక్కి తిరిగి "ఇప్పుడు ఎవరి ఫాల్?" అనేవాళ్ళు. మొదట నవ్వులాట. ఫెస్టివల్ దగ్గరికొచ్చాక నవ్వులాట పోయింది. జడ్జి వ్యాఖ్యల్లో కూడా వచ్చింది, బ్యాండుకి ఒకే గొంతు లేదని.

ఇది చిన్న అభ్యంతరం కాదు. లీడ్ అంటే శైలి ఒకచోట నుంచి పుట్టడం అని ఇంతసేపూ చెప్పింది నేనే. దాన్ని రెండు ముక్కలు చేస్తే మిగిలేదేంటి? ఈ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం గమనించాను. ఒకే చార్టులో సగం నువ్వు, సగం నేను అని పంచితే గందరగోళం. చార్టుకొకరు అని పంచితే చాలా నయం. చార్టు ఎవరిదైతే ఆ చార్టుకి వాళ్ళ మాటే చెల్లాలి, రెండోవాడు నోరు మూసుకుని అనుసరించాలి. వేగం చార్టు, నెమ్మది చార్టు, లాటిన్ చార్టు అని స్వభావాన్ని బట్టి పంచితే ఇంకా నయం. ఆ స్కూలు డైరెక్టర్ చేసింది సరిగ్గా ఇదే. ఎఫ్ కావాల్సింది ఎఫ్ ఉన్నవాడికి, ఆనుడు కావాల్సింది ఆనుడున్న అమ్మాయికి. సగం సగం అని లెక్కపెట్టింది మా మిత్రుడు, డైరెక్టర్ కాదు.

ఇంకో అభ్యంతరం మా ఆవిడది. ఇది చదివి "పోటీ లేకపోతే ఆ పిల్లవాడు హై ఎఫ్ సాధించేవాడా?" అంది. సాధించేవాడు కాదేమో. కుర్చీ ఆశ పిల్లల్ని గదిలో కూర్చోబెట్టి సాధన చేయిస్తుంది, కాదనను. నేనూ అలాగే నాలుగు నుంచి రెండుకొచ్చాను. కానీ ఆ ఆశ ఏం సాధన చేయిస్తుందో కూడా చూడాలి. కుర్చీ పైస్వరానికే ఇస్తే పిల్లలు పైస్వరమే సాధన చేస్తారు. పక్కవాడితో కలిపి వాయించినదానికి ఇస్తే అదీ సాధన చేస్తారు. ఆడిషన్ అంటే గదిలో ఒంటరిగా వాయించడం కాబట్టి రెండోది ఆడిషన్లో కనపడదు. డైరెక్టర్లు అభ్యర్థుల్ని సెక్షన్‌తో కూర్చోబెట్టి, కుర్చీలు మార్చి మార్చి ఒక వారం వినొచ్చు. ఓపిక కావాలి, టైం కావాలి, ఇద్దరి తల్లిదండ్రుల మెయిళ్ళకి జవాబివ్వడానికి ధైర్యం కావాలి.

ఆ ధైర్యం విషయంలోనే డైరెక్టర్ మీద నాకు కాస్త కోపం. రెండు వాక్యాల మెయిల్ పెట్టి ఊరుకోకుండా ఆ ఇద్దరు పిల్లల్నీ కూర్చోబెట్టి, నీకు ఇవి ఎందుకిచ్చాను, నీకు అవి ఎందుకిచ్చాను అని చెప్పి ఉంటే సగం గొడవ పుట్టేది కాదు. పిల్లలకి చెప్పని కారణాన్ని ఇంట్లో పెద్దవాళ్ళు సొంతంగా పూరించుకుంటారు. ఆ అమ్మాయి తల్లి స్కూలు కమిటీలో ఉందట కదా, అనే మాట నా చెవిదాకా కూడా వచ్చింది. ఉంటే ఉండొచ్చు. 'లిల్ డార్లిన్'లో ఆ ఆనుడు కమిటీ ఇచ్చింది కాదు.

అప్లికేషన్లో ఏం రాయాలి?

చివరికి అంతా వచ్చి ఆగేది ఇక్కడే. "కాలేజీ అప్లికేషన్లో కో లీడ్ అని రాయాలా? చదివేవాడికి ఏమర్థమవుతుంది?" అని మా మిత్రుడి అసలు దిగులు. నేను దీన్ని వెటకారం చేయను. ఇక్కడ పెరుగుతున్న మన పిల్లలకి పదకొండో క్లాసులో ప్రతి గంటా ఎక్కడో ఒక గడిలో నింపాలి. ఆ గడిలో "లీడ్ ట్రంపెట్" అని రెండు మాటలు పడితే చాలు, "కొన్ని చార్టులకి" అని చేర్చాల్సొస్తే లోటుగా కనపడుతుంది. తప్పు గడిదే కావొచ్చు, నింపాల్సింది మాత్రం వాడే.

ఫెస్టివల్స్ కూడా ఈ గడికి తగ్గట్టే నడుస్తాయి. నేను చూసినవాటిలో చాలాచోట్ల పతకాలు సోలో వాయించినవాళ్ళకే. న్యూయార్క్‌లో లింకన్ సెంటర్ వాళ్ళు 1996 నుంచి హైస్కూలు బ్యాండులకి ఎల్లింగ్టన్ సంగీతంతో నడుపుతున్న పోటీలో మంచి సెక్షన్లకి కూడా గుర్తింపు ఇస్తారు. ఊరి ఫెస్టివల్స్‌లో కూడా ఆ పద్ధతి వస్తే నలుగురి పేర్లూ ఒకే కాగితం మీదికి వస్తాయి, నాలుగో ట్రంపెట్‌తో సహా. దానికి పెద్ద ఖర్చేమీ కాదు, ఇంకో సర్టిఫికెట్ ప్రింట్ చేయాలి.

ఈలోపు ఆ గడిలో ఏం రాయమంటారంటే, వాడు చేసినదే రాయమంటాను. వేగం చార్టులకి లీడ్, నెమ్మది చార్టులకి రెండో ట్రంపెట్. రెండో ముక్కకి ఇంకో లైను జాగా ఉంటే, అది ఎందుకు కష్టమో కూడా రాయొచ్చు, ఆ సంగతి వాడికి తెలుసు. నాన్నగారు ఆ లైను కొట్టేయమనే అవకాశం ఎక్కువ.